గడ్డం మీద మూడు చుక్కలు

బూర్గంపాడు క్రాస్‌రోడ్డులో ఫ్లెక్సీ కట్టిన నాడు తండా అంతా వెళ్ళి చూసి వచ్చింది, లాలి తప్ప. పత్తిచేలో కలుపు తీయడానికి పోయిన ఆమెకు మర్నాడు గాని తీరలేదు. తీరా వెళ్ళి నిలబడితే, ఇనుప చట్రంలో ఎవరో దొరల పిల్ల నవ్వుతోంది. అద్దాల రవిక, ఎర్ర పేటియా లంగా, పక్కన పెద్ద పెద్ద అక్షరాలు.

"ఏంది లాలీ, గట్ల నోరు తెరుసుకోని చూస్తున్నవ్? నీ బిడ్డనే గదా!" కూరగాయలమ్మే ముత్తక్క గంప ముందు నుంచే కేకేసింది. "నువ్వేమో అట్లపెనం, అదేమో పాలమీగడ. మీ ఆయన బతికుంటే అడుగుదును, ఎవరి పోలికయ్యా అని!"

అక్కడున్నవాళ్ళు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని లాలి కూడా నవ్వింది. కానీ ఆమె చూపు బొమ్మ గడ్డం మీదే ఉంది. అక్కడ చుక్కలు లేవు.

సోని చిన్నప్పుడు భద్రాచలం కల్యాణానికి తీసుకుపోతే జనంలో తప్పిపోయింది. మైకు దగ్గరున్న పోలీసు గుర్తులు చెప్పమన్నాడు. నల్లగుంటది, జుట్టు ఎర్రగుంటది అంది లాలి. "తండా పిల్లలంతా గట్లనే ఉంటరు గదమ్మా" అన్నాడాయన. పొద్దు గూకే వేళకు గోదావరి గట్టున ఏడుస్తూ దొరికింది పిల్ల. ఇంటికి రాగానే లాలి పచ్చబొట్లు పొడిచే మనిషిని పిలిపించింది. గింజుకునే బిడ్డను ఒళ్ళో అదిమిపట్టి, గడ్డం మీద మూడు చుక్కలు పొడిపించింది. ఎంత జనంలో ఉన్నా నా బిడ్డ నాకు తెలుస్తుందని అప్పుడు గాని ఆమెకు గుండె కుదుటపడలేదు.

ఆ సోని ఇప్పుడు ఖమ్మంలో ఒక పెద్ద బట్టల షాపులో సేల్స్‌గర్ల్. హాస్టల్లో ఉంటుంది. షాపువాళ్ళు కొత్తగా తండా బట్టలు అమ్మకానికి పెట్టి, సోనినే నిలబెట్టి ఫొటో తీయించారు.

ఆ సాయంత్రం ఫోన్ వచ్చింది. "యాడీ, చూసినవా?" తల్లిని సోని ఎప్పుడూ తండా మాటలోనే పిలుస్తుంది.

"చూసిన. చుక్కలేవే?"

"కంప్యూటర్ల తుడిసిండ్రు. రంగు గూడ జర పెంచిండ్రు. ఫొటోలంటే గట్లనే ఉంటయ్."

"పక్కన ఏమో రాసిండ్రు, ఏందది?"

"'నువ్వు నీలాగే మెరువు' అని."

సోనియే మళ్ళీ అందుకుంది. "నిన్న ఒకామె వచ్చి, ఫ్లెక్సీల పిల్ల ఏసుకున్నదే కావాలన్నది. ఆ పిల్లను నేనే మేడం అన్న. నన్ను కిందికీ మీదికీ చూసి, పక్కామెతోని ఒకటే నవ్వుడు. కొనుడు మాత్రం కొన్నది. మా సార్ ఏమంటడంటే, బట్టలెవరు కొంటరు, తాము ఎట్ల కనబడాలనుకుంటరో అది కొంటరు అంటడు."

"పోనీ తియ్యి బిడ్డా."

"దసరాకు ఇంకో ఫొటో ఉన్నది యాడీ. గడ్డం మీద గివి లేకుంటే మళ్ళ నన్నే పెడ్తరంట. దవాఖానాల లైటు పెట్టి కాల్చి తీసేస్తరు. జల్దీ అయిపోతది."

"ఆగు. నేనొస్త. నేనొచ్చేదాక ఆగు."

"అవ్, ఆగుత."

వానలు విడవలేదు. చేలో కలుపు మోకాలెత్తు లేచింది, ఆసామి కబురు మీద కబురు పెట్టాడు. తెరిపి ఇచ్చాకే లాలి బస్సెక్కింది. పేటియాతో పోతే బిడ్డకు నామోషీ అని, పెట్టెలో మడత విప్పని చీర తీసి కట్టుకుంది. షాపు తలుపు దగ్గరికి వెళ్ళేసరికి, తాను ఇంట్లో విడిచి వచ్చినదానిలాంటి పేటియానే అద్దం వెనక బొమ్మకు తొడిగి ఉంది.

లోపల ఆడపిల్లలంతా ఒకే రంగు చీరలు, ఒకే ముడి, ఒకే పౌడరు. లాలి ఒక్కొక్కరి గడ్డం చూసుకుంటూ నడిచింది. ఏ గడ్డం మీదా ఏమీ లేదు. చివరికి నిలబడిపోయి తండా మాటలో గట్టిగా పిలిచింది. "సోనీ! ఏడున్నవే?"

ఒక పిల్ల తిరిగింది. స్తంభం దగ్గరున్న సూపర్‌వైజరు వైపు ఓసారి చూసి, "ఏం చూపించమంటారు అమ్మా?" అంది తెలుగులో.

గొంతు సోనిది.

లాలి స్టూలు మీద కూర్చుంది. సోని బట్టలు తీసి ముందు పరిచింది. లాలి వాటిని చూడలేదు. చీర కొంగు నాలుకతో తడిచేసి, ముందుకు వంగి, చిన్నప్పుడు అన్నం మెతుకులు తుడిచినట్టే బిడ్డ గడ్డం తుడిచింది. పూత లేచిపోయింది. చుక్కలున్న చోట ఎర్రగా మూడు పుళ్ళు.

"మెల్లగ యాడీ," సోని ఈసారి తండా మాటలో, ఎవరికీ వినపడకుండా అంది. "మండుతది."

"ఆగుతనంటివి గదే."

"ఎన్నొద్దులు ఆగాలె? సార్ వేరే పిల్లను చూస్తుండు."

"ఇగ జనంల నిన్నెట్ల గుర్తు పట్టాలె నేను?"

"ఊరూరా నా మొకమే కడ్తరు గద యాడీ," అని నవ్వబోయింది సోని. పుండు లాగి, నవ్వు సగంలోనే ఆగింది. "ఇంక తప్పిపోయేదేమున్నది?"

వెనక నుంచి ఎవరో అడిగారు. "అమ్మాయ్, ఆ ఫ్లెక్సీలో పిల్ల వేసుకున్నది ఉందా?"

సోని చటుక్కున కౌంటరు కిందికి వంగి పౌడరు అద్దుకుంది. లేచేసరికి గడ్డం మళ్ళీ నున్నగా ఉంది. "ఉంది మేడం, ఇటు రండి" అంటూ వాళ్ళను తీసుకుని అద్దం దగ్గరికి వెళ్ళిపోయింది.

లాలి కొంగు చూసుకుంది. పూత మరక అంటుకుని ఉంది. తన ఒంటి రంగు కాదు, సోనిదీ కాదు. ఆమె దాన్ని పిడికిట్లో ముడిచి పట్టుకుని, ముడులన్నీ ఒకే తీరున ఉన్న ఆ ఆడపిల్లల వంకే చూస్తూ కూర్చుంది, బిడ్డ ఎక్కడ మళ్ళీ వాళ్ళలో కలిసిపోతుందో అని.