గుమ్మం ముందు అడుగులు

శనివారం పొద్దున్నే వెల్టా శ్మశానానికి వెళ్ళి, మొగుడి సమాధి చుట్టూ ఇసుకను దంతెతో దువ్వుతుంది. లాట్వియా తీరంలోని ఆ ఊళ్ళో ఏ ఇంటివాళ్ళయినా చేసే పనే అది. దువ్వుతూ వెనక్కి నడిచి తన అడుగులు కూడా చెరిపేసుకుంటుంది. దువ్వని సమాధి ఉంటే ఊళ్ళో తలెత్తుకోలేరు. దువ్వే ముందు మాత్రం, పోయినవాళ్ళు రాత్రి ఎటు నడిచారో ఇసుకలో అడుగులను బట్టి అందరూ ఓసారి చూసుకుంటారు. ఎప్పుడో పోయిన అలీదా ముసలమ్మ అడుగులు ఎప్పుడూ బావి దాకానే. వెల్టా మొగుడు యేకబ్స్ తన పడవ దాకా వెళ్ళి వచ్చేవాడు. బతికుండగా ఇంటిపట్టున లేని మనిషి చచ్చాక ఉంటాడా అని వెల్టా విసుక్కునేది.

ఈస్టర్ పండుగ అయినప్పటి నుంచి ఆయన పడవ వైపు వెళ్ళడం మానేశాడు. కొడుకు తాలిస్ ఇంటి గుమ్మం ముందు చాలాసేపు నిలబడి తిరిగి వస్తున్నాడు. తాలిస్ గుమ్మంలో పొగబెట్టిన చేప పెట్టాడు, కాఫీ పెట్టాడు, తండ్రి పాత బూట్లు పెట్టాడు. ఆయన ఏదీ ముట్టలేదు.

జూలైలో సమాధుల పండుగకు కూతురు జైగా రీగా నుంచి వచ్చింది. ఒకప్పుడు అర్థశాస్త్రం పాఠాలు చెప్పిన మనిషి, ఇప్పుడు పార్లమెంటు సభ్యురాలు. దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరడానికి చేపల వేట ఒప్పందం కుదిర్చింది ఆవిడే. సముద్రంలో చేప తగ్గింది కాబట్టి పడవలూ తగ్గాలన్నది ఆవిడ వాదం. వాదంలో తప్పు లేదు. తగ్గే పడవల్లో తండ్రిదీ ఉంది, ఇప్పుడు దాని మీద వేటకెళ్తున్నది తమ్ముడు. సెప్టెంబరులో యూనియన్‌లో చేరాలా వద్దా అని జనం ఓటు వేసేదాకా ఈ ముక్క బయటపెట్టొద్దని పార్టీవాళ్ళు గట్టిగా చెప్పి పంపారు.

ప్రార్థన అయ్యాక, పైన్ చెట్ల కింద భోజనాల దగ్గర తాలిస్ పక్కన చేరాడు.

"అక్కా, నాన్నకేదో కావాలి. పెద్ద చదువులు చదివావు, నువ్వైనా చెప్పు. పడవకి రంగు వేయలేదని కోపమంటావా? వచ్చే వారం వేస్తున్నాలే."

జైగాకు తెలుసు. ఏప్రిల్లో ఒక్కతే వచ్చి, తమ్ముడి ముఖం చూసే ధైర్యం లేక, సమాధి దగ్గర కూర్చుని అంతా తండ్రికి చెప్పుకుని వెళ్ళింది. బరువు దిగిందనుకుంది. ఆ బరువు మోసుకుని ముసలాయన రోజూ కొడుకు గుమ్మం దాకా వెళ్తున్నాడు, చెప్పడానికి నోరు లేక వెనక్కి వస్తున్నాడు. ఆమెకు చచ్చేంత సిగ్గేసింది.

"రంగు వేయకు," అంది. "పడవను ముక్కలు చేస్తారు. ఆ ఒప్పందం కుదిర్చింది నేనే."

చుట్టుపక్కల తింటున్నవాళ్ళు ఇటు తిరిగారు.

"నాన్నకి చెప్పావా?"

"చెప్పాను."

"బతికున్నవాణ్ణి నేనూ ఉన్నాను కదక్కా," అని తాలిస్ లేచాడు. దువ్విన ఇసుక మీంచి బూట్లతో అడ్డంగా నడిచి వెళ్ళిపోయాడు. వెల్టా దంతె తీసుకుని ఆ అడుగులు దువ్వింది.

సోమవారానికల్లా సంగతి రీగాకు పాకింది. ఓటింగు ముందు ఎవరైనా ఇలా నోరు జారతారా అని పార్టీ జైగాను సాగనంపింది. దేశం సరేనని ఓటేసింది. చలికాలం రాకముందే పడవను కోసేశారు.

పండుగ రాత్రి నుంచి యేకబ్స్ గుమ్మానికి రాలేదు. ఇప్పుడు శనివారాలు జైగా వస్తోంది. తండ్రి నిలబడ్డ చోటే నిలబడి తలుపు కొడుతుంది, కాసేపు చూసి వెళ్ళిపోతుంది. తాలిస్ ఇంకా తలుపు తీయలేదు. ఆమె వెళ్ళాక మాత్రం బయటికి వచ్చి వాకిలంతా దువ్వుతాడు, అక్క అడుగులున్న ఆ కాస్త చోటు వదిలేసి.