రెక్క మీది తెల్ల గీతలు

తోట గోడకు తెల్లరంగు వేస్తున్న పెయింటరుకు గుండె జారిపోయింది. పక్క కొమ్మ మీద పిచ్చుకంత పిట్ట. గులాబీ రొమ్ము, నీలిబూడిద తల, అంతా ముచ్చటగానే ఉంది కానీ రెక్క మీద రెండు తెల్ల గీతలు!

"అయ్యో, నా బ్రష్షులోని రంగు దీని మీద చిందింది!" అంటూ తడిగుడ్డతో తోటంతా దాని వెంట పడ్డాడు. పిట్ట ఎగిరిపోయింది. ఆయన కాలు రంగు డబ్బాలో పడింది.

నిచ్చెన పట్టుకున్న భార్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "అది చాఫించ్ పిట్టయ్యా! దాని రెక్కల తీరే అంత."

"రంగు కాదని నీకెలా తెలుసే?"

"పెళ్ళయినప్పటి నుంచి నీ పని చూస్తున్నానుగా! అంత తిన్నటి గీత నీ చేత్తో ఒక్కటైనా పడిందా?"