కప్పులు వేసేవాడి ఇల్లు

మేడ మీద మెట్ల పక్కన పెట్టిన సూప్ గిన్నె మళ్లీ నిండింది. పొద్దున్నే దాన్ని రెండు చేతులా ఎత్తి, బాత్‌టబ్‌లో ఒంపి, చుక్క పడే చోట తిరిగి పెట్టాను. దుప్పట్లోంచే రూడీ విసుక్కున్నాడు. "నాలుగు చుక్కలకి ఏంటే ఆ చప్పుడు!"

నా మొగుడు ఇళ్ల కప్పులు వేస్తాడు. మా ఊరు టోలెడోలో సగం కప్పులు తను వేసినవేనని ఏ బార్‌లో కూర్చున్నా చెప్పుకుంటాడు. మా కప్పు మీద మాత్రం రెండేళ్లుగా నీలం టార్పాలిన్ ఉంది. బీమా కంపెనీవాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుని, బాగు చేయించకపోతే పాలసీ తీసేస్తామన్నారు. ఎవరినైనా పిలుద్దామన్నాను. "కప్పులు వేసేవాణ్ని, ఇంకొకడికి డబ్బిచ్చి వేయించుకోవాలా? నవ్విపోతారే! ఎండాకాలం నేనే వేస్తా," అన్నాడు. ఎండాకాలమంతా సరస్సు మీద చేపలు పట్టాడు. పాలసీ పోయింది. ఇంటికి బీమా లేకపోతే అప్పిచ్చిన బ్యాంకు ఊరుకోదు కదా, మూడింతల రేటుకి తనే ఒక బీమా కొని మా నెత్తిన రుద్దింది. ఇంటి పన్నుకీ బీమాకీ అది నెలనెలా మా దగ్గర తీసి పక్కన పెట్టే సొమ్ము ఒక్కసారిగా పెరిగింది. మా వాయిదాలన్నీ దివాలా కోర్టు ద్వారానే వెళ్తాయి గనక అక్కడ కట్టేదీ పెరిగింది. ఆ కట్టేదంతా నా జీతంలోంచి.

నా జీతంలోంచే ఎందుకంటే, రూడీ సొంత వ్యాపారం మునిగి మేం దివాలా తీసిన రోజున, జీతంలోంచి వాయిదా కోసి పంపమనే కోర్టు ఆర్డరు ఎవరి యజమానికి పంపాలని లాయరు అడిగాడు. రూడీ అప్పటికే గస్ అనే అతని కప్పుల షాపులో పనికి చేరాడు, జీతం నాకంటే ఎక్కువే. అయినా, "గస్ గాడికి తెలిస్తే షాపులో తలెత్తుకోలేను," అన్నాడు. తోడొచ్చిన మా అత్తగారు ఐరీన్ నా మోచెయ్యి నొక్కింది. "మగాడి పరువు కదమ్మా. నీదేముంది, వంటింట్లో పనేగా." నేను వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేస్తాను. పెన్ను తీసుకుని సంతకం పెట్టాను. ఆ సంతకం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆర్డరు చేరిన రోజే, జీతాలు చూసే మార్సీ దాన్ని కాఫీ మెషిన్ దగ్గర నలుగురికీ చెప్పింది. ఆ తరవాత ఎవరి పుట్టినరోజుకి చందా కవరు తిరిగినా నన్ను దాటేసి పక్కావిడ చేతికి వెళ్లేది. "లోర్నాని వదిలెయ్యండర్రా, పాపం." ఆ పాపం అనే మాట చెంప దెబ్బలా తగిలేది. మొన్న మార్సీ సూపు గరిటె పట్టుకున్న నా దగ్గరికే వచ్చి, "నీ జీతంలో కోత పెరిగిందటగా? ఏం చేశారే ఈసారి?" అంది. ఏం చేశానో నాకూ తెలీదు. ఆ సాయంత్రం ఐరీన్ ఫోన్‌లో ఉపాయం చెప్పింది. "జుట్టుకి రంగు మానెయ్ అమ్మాయ్, కొంత మిగులుతుంది."

ఇవాళ లాయరు ముందు కూర్చున్నాం. పెరిగింది కట్టకపోతే కోర్టు మా దివాలా కేసు కొట్టేస్తుంది, బ్యాంకు ఇల్లు లాక్కుంటుంది అని ఆయన రూడీ వైపు చూసి చెప్పాడు. ఎప్పుడూ అతని వైపే చూస్తాడు.

"లోర్నా చూసుకుంటుందిలెండి," అన్నాడు రూడీ, నా భుజం తట్టి. "ఓవర్‌టైమ్ చేస్తుంది."

ఆ చెయ్యి తీసి అతని ఒళ్లోనే పెట్టాను. "ఆర్డరు ఆయన జీతం మీదికి మార్చొచ్చా?" అని అడిగాను.

లాయరు మొదటిసారి నన్ను చూశాడు. "మార్చొచ్చు. కోర్టులో ఒక దరఖాస్తు వేస్తే చాలు."

"అయితే గస్‌కి పంపించండి. అడ్రసు నేను చెబుతాను, రాసుకోండి."

రూడీ చెవులు ఎర్రబడ్డాయి. "పిచ్చెక్కిందా నీకు? షాపులో అందరికీ తెలిసిపోతుంది!"

"నేను పనిచేసే చోట రెండేళ్ల కిందటే తెలిసింది రూడీ. బీమా ఎందుకు పోయిందని గస్ అడిగితే, అది కూడా నువ్వే చెప్పుకో."

దారి పొడుగునా వాన. ఇంట్లోకి వచ్చేసరికి మేడ మీద గిన్నె పొర్లి నీళ్లు మెట్ల మీదికి జారుతున్నాయి.

"లోర్నా, గిన్నె!" అని అరిచాడు.

నేను కోటు విప్పి, బూట్లు విప్పి, సోఫాలో కాళ్లు బారజాపాను.

"నాలుగు చుక్కలేగా," అన్నాను.