మూడోసారి గ్యాస్

మగ్గులో సబ్బు ముక్క వేసి, గడ్డం గీసుకునే బ్రష్‌తో గిలకొడుతున్నాడు జహంగీర్. నురగ మీగడలా చిక్కబడ్డాక అంబాసిడర్ బానెట్ కిందికి వంగి, రాగి గొట్టాల అతుకులకు ఒక్కొక్కదానికీ పూశాడు. మంగలి కూడా అంత శ్రద్ధగా పూయడు. కారు ఏసీలో గ్యాస్ ఎక్కడ కారిపోతుంటే అక్కడ నురగలో బుడగ లేస్తుంది. అది కనబడితే సగం పని అయిపోయినట్టే.

ఆ కనబడటమే ఇప్పుడు లేదు. రెండేళ్ళుగా కళ్ళకు పొరలు కమ్మాయి. కారు కనిపిస్తుంది, మనిషి కనిపిస్తాడు, బుడగ కనిపించదు. ఈ సంగతి జహీరాబాద్‌లో ఒక్క భార్య షరీఫున్నీసాకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. అరవై ఏళ్ళ జహంగీర్ మానాన్నే ఎంచుకున్నాడు.

"చాచా, ఈసారన్నా గ్యాస్ ఆగుతదా?" అన్నాడు డ్రైవర్ వీరన్న, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ.

కారు అల్లం వ్యాపారి మదన్‌మోహన్‌ది. ఆయన తల్లి సుగుణమ్మకు గుండె జబ్బు. పెద్ద డాక్టరు హైదరాబాద్‌లో ఉన్నాడు. మే నెల ఎండకు ఆమె తట్టుకోలేదని కారుకు ఏసీ పెట్టించారు. ఈ నెలలో జహంగీర్ రెండుసార్లు గ్యాస్ నింపాడు. రెండుసార్లూ సదాశివపేట దాటకముందే అది వేడి గాలి కొట్టింది. రెండోసారి ముసలామె సీట్లోనే సొమ్మసిల్లింది.

"పోయినసారి అమ్మ చెయ్యి చల్లబడ్డది చాచా. నాకు కాళ్ళు చేతులు ఆడలే. రెండు గంటలకు మళ్ళ బయలెల్లాలె."

"ఆగుతది. ఫికర్ చేయకు," అన్నాడు జహంగీర్. ఆ మాట అంటుంటే ఆయనకే సిగ్గేసింది. రెండుసార్లూ కన్నం దొరక్కుండానే, దొరికినట్టు తలాడించి గ్యాస్ నింపింది తనే. ఆ తల్లి సొమ్మసిల్లిందంటే పాపం ఎవరిది? ఆయన మనసుకు బాగా తెలుసు.

చెవి పెట్టి విన్నాడు. బొంబాయి వైపు పోయే లారీల మోతలో ఏం వినిపిస్తుంది? వేలితో తడిమాడు. పదకొండు గంటల దాకా చూసి, "ఇప్పుడే వస్త," అని ఇంటిదారి పట్టాడు.

ఇల్లు ఆ రిపేరు షెడ్డు వెనక గల్లీలోనే. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టబోతుంటే షరీఫున్నీసా అడ్డం వచ్చింది. అందులో ఉన్నది స్పిరిట్ దీపం, దానికో పొడుగు రబ్బరు గొట్టం. గొట్టం కొనను అతుకుల దగ్గర తిప్పితే, కారే గ్యాస్‌ను అది పీల్చుకుంటుంది, మంట ఆకుపచ్చగా మారుతుంది. మసక కళ్ళకు కూడా ఆ రంగు తెలుస్తుంది. కానీ గ్యాస్ కాలితే వచ్చే ఆ పొగ విషం. ఐస్ ఫ్యాక్టరీలో కూలీగా చేరి, ఫ్రిజ్‌లు నేర్చి, కార్లకొచ్చేదాకా ముప్ఫై ఏళ్ళు ఆ పొగ మింగాడాయన. ఇంకొక్కసారి పీలిస్తే ఊపిరితిత్తులు ఓర్చుకోవని దవాఖానలో గట్టిగా చెప్పారు. అందుకే ఆమె దాచింది.

"నక్కో జీ, వద్దు," అంది షరీఫున్నీసా, డబ్బా మూత మీద రెండు చేతులూ పెట్టి. "నేనొస్త. బుర్ఖా ఏసుకొనొస్త. మీరు నురగ పూయున్రి, బుడగ నేను చూస్త."

జహంగీర్ నవ్వాడు. ఇల్లు దాటి సంతకు కూడా పోని మనిషి, బజారులో కారు కింద వంగడమా! "జహంగీర్ కండ్లు పోయినయి, బీబీని తెచ్చుకున్నడు అంటరు. ఆ మాట పడుడు నాతోని కాదు."

"అంటే అననీయున్రి."

ఆమె చేతులు మెల్లగా పక్కకు తీసి, దీపాన్ని తువ్వాలలో చుట్టుకొని వెళ్ళిపోయాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

లారీల గాలికి దీపం ఆరిపోతుంటే షెడ్డు తలుపు మూశాడు. వీరన్నను బయట నిలబెట్టాడు. బానెట్ కింద తల పెట్టి అతుకు అతుకుకీ గొట్టం తిప్పాడు. నాలుగో అతుకు దగ్గర మంట ఆకుపచ్చగా భగ్గుమంది. ఆ పక్కదాన్ని కూడా చూడాలిగా, అన్నీ చూశాడు. బయటికొచ్చేసరికి కళ్ళనిండా నీళ్ళు, గొంతులో దగ్గు. పగిలిన గొట్టం కొన కోసేసి కొత్తది బిగించాడు. పంపు పెట్టి లోపలి గాలంతా లాగి, సిలిండర్ బండలోంచి గ్యాస్ ఎక్కించాడు. గొట్టం చల్లబడి చెమట పట్టేదాకా దాని మీదే చెయ్యి ఉంచాడు. చేతికి మాత్రం పొరలు రాలేదు.

రెండుకు ముందే కారు బయలుదేరింది. కోసిన ముక్కను వీరన్న చేతిలో పెట్టి, "సేటుకు చూపియ్యి. దొరికింది అని చెప్పు," అన్నాడు. పాత సామాను యజమానికి తిరిగివ్వడం ఆయన అలవాటు. పోయిన రెండుసార్లు ఇవ్వడానికి ఏమీ లేదు.

అన్నం ముందు కూర్చున్నాడు కానీ ముద్ద దిగలేదు. ఎద బరువుగా ఉందని మంచమ్మీద వాలాడు. ఆమె వీపు రాస్తూ కూర్చుంది. సాయంత్రం అసర్ నమాజు పిలుపు వినబడ్డప్పుడు, "సదాశివపేట ఎప్పుడో దాటి ఉంటరు," అన్నాడు. పొద్దుగూకినాక మగ్రిబ్ పిలుపు వినడానికి ఆయన లేడు.

మర్నాడు ఖననం చేసి వచ్చాక, షెడ్డులోని సామాను పొరుగువాళ్ళు తెచ్చి వసారాలో పెట్టారు. సాయంత్రం వీరన్న వచ్చాడు. భర్త పోయిన ఆడమనిషి పరాయి మగవాళ్ళకు కనబడదు కనుక, తలుపుకు కట్టిన గోనె పరదా ముందే నిలబడ్డాడు.

"చాచీ, పోతాంటే వస్తాంటే చల్లగనే ఉన్నది. అమ్మ దారంత పండుకున్నది. చాచాకు చెప్దమనే ఉరికొచ్చిన." జేబులోంచి రాగి ముక్క తీశాడు. "ఇది మీ దగ్గర్నే ఉంచున్రి."

పరదా పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి అందుకుంది. గూట్లోని బుడ్డిదీపం వెలుతురులో షరీఫున్నీసా దాన్ని చూసింది. ముక్క చివర, వెంట్రుకంత సన్నగా, నల్లగా ఒక పగులు. చెయ్యి దూరంగా పెట్టి చూసింది. అయినా ఆమె కళ్ళకు కనబడుతూనే ఉంది.

"ఇదేనా బేటా?"

"ఇదే చాచీ."

వీరన్న చెప్పుల చప్పుడు గల్లీ మలుపు దాటాక వసారాలోకి వచ్చి, ముక్కను మగ్గు పక్కన పెట్టింది. మగ్గులో బ్రష్ అలాగే నిలబడి ఉంది, నిన్నటి సబ్బు నురగ వెంట్రుకలకు తెల్లగా ఎండిపోయి.