ఖరాబు ఫోటోల డబ్బా

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే. నేను పోతే నా బిడ్డకు నా ముఖం గుర్తుండదని.

నాకిప్పుడు ఇరవై ఆరేళ్లు. రోగమేమీ లేదు. అయినా పొయ్యి మీద పాలు పెట్టినప్పుడు, నేహకు పిలక కడుతున్నప్పుడు, ప్రాణహిత అవతల మబ్బు నల్లబడినప్పుడు ఆ భయం వచ్చి పక్కన కూర్చుంటుంది. మా అమ్మకూ రోగమేమీ లేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మూడు రోజులు జ్వరమొచ్చింది, అంతే. నా బడి సంచి చిలక్కొయ్యకు తగిలించి నాన్నకూ తమ్ముడికీ వండిపెట్టడం మొదలుపెట్టాను. ఆ సంచి మళ్లీ కిందికి దిగలేదు. అమ్మ ముఖం మాత్రం ఒక్కసారే పోలేదు. ముందు గొంతు పోయింది, తర్వాత కనుబొమలు, తర్వాత నవ్వితే ఏ బుగ్గ లోపలికి పోయేదో అది. పెళ్లి ఫోటోలుండేవి. వరద వచ్చిన ఏడు ట్రంకు పెట్టెలో తడిసి ఒకదానికొకటి అతుక్కున్నాయి. విడదీస్తే ముఖాలే ఊడొచ్చాయి. మిగిలింది నా మొదటి పుట్టినరోజు ఫోటో. చిన్న కుర్చీలో నేను, వెనక నీలం తెర. ఆ తెర చీలికలోంచి వచ్చి నా నడుము పట్టుకున్న రెండు వేళ్లు. మా అమ్మది నా దగ్గరున్నది ఆ రెండు వేళ్లే.

మా ఆయన నిఖిలేష్‌కు సిరోంచలో మొబైల్ దుకాణం. మూడేళ్ల కింద నలుగురు దోస్తులతో కలిసి కెమెరా క్లబ్ పెట్టాడు. ఏడాది తిరగకముందే అందులో నాలుగు గ్రూపులయ్యాయి. పక్షుల గ్రూపు పొద్దున్నే అడవికి పోతుంది. నది గ్రూపు సంగమానికి పోతుంది. పాత కట్టడాల గ్రూపు గోడలు వెతుక్కుంటూ తిరుగుతుంది. పసిపిల్లల గ్రూపు ఎక్కడికీ పోదు. మా ఇంటి ముందర వరండాలో వెలుగు బాగుంటుందని ప్రతి ఆదివారం అక్కడే కూర్చుంటుంది. దానికి పెద్ద మా ఆయనే. తిరిగి తిరిగి మిగతా మూడు గ్రూపులూ చివరికి ఆ వరండాకే వస్తాయి. గ్రూపులు నాలుగు, పొయ్యి ఒకటి. పక్షుల వాళ్లకు చక్కెర తక్కువ, నది వాళ్లకు అల్లం, కట్టడాల గ్రూపు వినయ్‌కుమార్ సార్‌కు పాలు లేని చాయ్. ఇదంతా నాకు నోటికి వచ్చు. క్లబ్ రిజిస్టర్‌లో మాత్రం నా పేరు లేదు.

చాయ్ గ్లాసులు కడిగేశాక ఇంకో పని. కుర్చీ మీద నీలం దుప్పటి వేసి, దాని వెనక నేను వంగి, చీలికలోంచి చెయ్యి పెట్టి పిల్లల నడుం పట్టుకోవాలి. తల్లులు ఎదురుగా నిలబడి గిలక్కాయ ఆడిస్తారు. ఫోటోలో పాప ఎవరి సాయమూ లేకుండా తనంతట తానే కూర్చున్నట్టు పడాలి. అదే ఆ గ్రూపు గొప్ప.

"చెయ్యి జర లోపటికి గుంజు వనమాలా, గాజు పడ్తుంది" అనేవాడు మా ఆయన.

"నడుము నొస్తుంది, జల్ది కానియ్యిండ్రి."

"పట్టుకునుడే కదా, గంతదానికి నడుము నొస్తదా?"

లోపలి నుంచి అత్తమ్మ అందుకునేది. "మేము పొలంల నాట్లేసుకుంట గూడ పిల్లల్ని సాదినం. గీ కాలపోళ్లకు కూసున్నా నొస్తది, లేసినా నొస్తది."

ఎనిమిది నెలలప్పుడు నేహను కూడా అట్లాగే తీశారు. గడ్చిరోలిలో జరిగే ప్రదర్శనకు ఆ ఫోటోనే పంపుతామన్నారు. ఒక వేలు పడిందని మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని చెరిపేశాడు. నేను పక్కనే నేహకు అన్నం కలుపుతున్నాను. "జూడు, ఎంత సాఫ్‌గ పోయిందో!" అని సంబరంగా తెర నావైపు తిప్పాడు. చూశాను. నేను నిజంగానే సాఫ్‌గా పోయాను. "మంచిగుంది" అన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ దుప్పటి వెనక కూర్చున్నప్పుడల్లా నాకు చిన్నప్పటి రాజలింగం మామ ఫోటో స్టూడియో గుర్తొచ్చేది. మెయిన్ రోడ్డు మీద చిన్న గది. అద్దం పక్కన దారంతో కట్టిన దువ్వెన, మూత పోయిన పౌడరు డబ్బా, ఒక చెవి విరిగిన చెక్క గుర్రం. వెనక నీలం తెర. తమ్ముడి మొదటి పుట్టినరోజున నాకు అయిదేళ్లు. పొద్దున్నే అమ్మ చెంబులో నిప్పులు పోసి నా గౌను ఇస్త్రీ చేసింది. ఆ వెచ్చదనం స్టూడియో దాకా నా వీపు మీదే ఉంది. ఫోటో తనది కాకపోయినా అమ్మ కాటుక పెట్టుకుంది, కనకాంబరాలు పెట్టుకుంది. తమ్ముణ్ని కుర్చీలో పెట్టి, నన్ను రాజలింగం మామ పక్కన నిలబెట్టి, తెర వెనక్కి పోయింది. అమ్మ మాయమైందనుకుని నేను ఏడుపు అందుకున్నాను. చీలికలోంచి రెండు వేళ్లు నావైపు ఊగాయి, ఉన్నా ఉన్నా అన్నట్టు. అంతవరకే నాకు గుర్తు.

మిగతాది చాలా ఏళ్ల తర్వాత రాజలింగం మామే చెప్పాడు. అమ్మ పోయిన రెండేళ్లకు రేషన్ కార్డు ఫోటో కోసం వెళ్లాను. నా గడ్డం పట్టుకుని పైకెత్తుతూ అన్నాడు. "ఆ దినం నువ్వు లొల్లి చేసినవ్ బిడ్డా. మీ అమ్మ ఆగలేక తెరలకెల్లి తలకాయ బయట పెట్టింది. సరిగ్గ గప్పుడే నేను బటన్ వొత్తిన. ఖరాబైంది. మల్ల తీసిన."

"ఖరాబైనయి ఏం చేస్తవ్ మామా?"

"బిస్కిట్ల డబ్బల ఏస్త. తల్లుల మొఖాలు, పారెయ్య బుద్ధి కాదు."

ఆ డబ్బా చూపించమని అడగాలని పదిహేనేళ్ల పిల్లకు తోచలేదు. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చాను, మాడుతుందని పరుగెత్తాను.

పోయిన నెలలో ఒక ఆదివారం బామ్ని అనే ఊరి నుంచి జంగుబాయి అనే ఆమె వచ్చింది. ఎనిమిది నెలల కొడుకు భీమును సూదిమందుకు తెచ్చి, ఊరికే ఫోటో తీస్తారంటే మా వరండా ఎక్కింది. ఆ పిల్లాడు నా చేతికి రాలేదు. పట్టుకుంటే చాలు ఇల్లెగిరేట్టు ఏడ్చాడు. తల్లినే వెనక కూర్చోమని మా ఆయన దుప్పటి పైకెత్తాడు. ఆమె ఆ దుప్పటినీ ఆయననూ మార్చి మార్చి చూసింది.

"నన్నెందుకు కప్పుతవ్ అన్నా? నేనేమన్న సచ్చిన్నా?"

వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"అట్ల కాదమ్మా, నువ్వు ఎనుకకెల్లి పట్టుకుంటె పిల్లగాడు ఒక్కడే కూసున్నట్టు పడ్తడు."

"ఒక్కడు యాడ కూసుంటడు? నేను పట్టుకుంటెనే గద కూసునేది."

భీమును ఒళ్లో వేసుకుని కుర్చీలో తనే దర్జాగా కూర్చుంది. మొహమాటానికి ఒకటి తీశారు. ఆమె వెళ్లిపోయాక, ఇది గ్రూపులో పెట్టేది కాదని వినయ్‌కుమార్ సార్ అంటే మా ఆయన తలూపాడు. నేను గ్లాసులు కడుగుతున్నాను. నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. నేనేమన్న సచ్చిన్నా అన్న మాట మాత్రం నీళ్ల చప్పుడులో కూడా వినపడుతూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం నేహ నిద్రపోయాక కంప్యూటర్ తెరిచాను. ఆయన పనికిరానివి అనుకున్న ఫోటోలన్నీ ఒక మూలకు వేస్తాడని తెలుసు. నలభై దాకా ఉన్నాయి. దుప్పటి జారినవి, నేహ వెనక్కి తిరిగి నా ముక్కు పట్టుకున్నవి, జుట్టు రేగిపోయి నోరు తెరిచి నేను నవ్వుతున్నవి. ఎనిమిది నెలల నా బిడ్డతో నేనున్న ఫోటోలు లోకంలో అవే, అవీ చెత్తలోనే. ఒకదాంట్లో నేను నవ్వితే ఎడమ బుగ్గ లోపలికి పోయింది. నా చెయ్యి నా బుగ్గ మీదికే పోయింది. అమ్మదీ ఎడమదే. పోయిందనుకున్నది అన్నేళ్లూ నా ముఖంలోనే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది ఆ బిస్కిట్ల డబ్బా.

తర్వాతి ఆదివారం నీలం దుప్పటి ఉతికి దండెం మీద ఆరేశాను. గ్రూపు వచ్చి కూర్చుంది. నేహను ఎత్తుకుని నేనే కుర్చీలో కూర్చున్నాను.

"ఇదేంది? దుప్పటేది?" అన్నాడు మా ఆయన.

"తడిగుంది."

"మరి నువ్వేంది గిట్ల ముంగట కూసున్నవ్? పిల్లల గ్రూపు గద ఇది."

"చెయ్యి కావాల్నంటె మొఖం గూడ వస్తది."

వినయ్‌కుమార్ సార్ నల్ల చాయ్‌లోకి చూస్తూ కూర్చున్నాడు. మా ఆయన కెమెరా ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. తీశాడు. ఆ ఫోటో ఏ గ్రూపులో వేయాలో ఆయనకు ఇప్పటికీ తెలియలేదు. పక్షి కాదు, నది కాదు, పాత కట్టడం కాదు. ఎందులోనూ వేయొద్దన్నాను. ప్రింటు తీయించి, నేహ చేతికి అందే ఎత్తులో మేకు కొట్టి నేనే తగిలించాను. దాంతో పాటు ఆ నలభై కూడా వేరే పేరుతో దాచుకున్నాను.

రాజలింగం మామ స్టూడియో మూసేసి నాలుగేళ్లయింది. ముల్చేరలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. డబ్బా గుర్తురాకముందు, ఉగాదికి పలకరింపుగా ఫోన్ చేస్తే, కళ్లు మసకేశాయి కానీ గొంతు బట్టి పోల్చుకుంటానన్నాడు. ఈ వానలు మొదలైనప్పటి నుంచి ఆ నంబరు మోగడం లేదు. రోజూ చేస్తున్నాను. దారి బాగుపడి, నేహ దగ్గు తగ్గితే నేనే బస్సెక్కుతాను. ఇంట్లో చెప్పేశాను. ఎందుకని అడిగితే, మా అమ్మను తెచ్చుకోవాలన్నాను.

ఈలోపు మీలో ఎవరైనా ముల్చేర వైపు పోతే, ఫోటోల రాజలింగం ఇల్లెక్కడని అడగండి. సిరోంచ వనమాల పంపిందని చెప్పండి. వెళ్లగానే డబ్బా సంగతి ఎత్తకండి. ముందు ఆయన తిన్నాడా, కళ్లు ఎట్లా ఉన్నాయి, ఎవరైనా దగ్గరున్నారా చూడండి. ఆయన బాగుంటేనే అడగండి. అందులో ఒక ఫోటోలో తెరలోంచి ఒకామె తల బయటపెట్టి ఉంటుంది, కాటుకతో, కనకాంబరాలతో. ఆమె కెమెరా వైపు చూడదు. దాని పక్కన నిలబడి ఏడుస్తున్న పిల్లను చూస్తూ ఉంటుంది. ఆ పిల్ల అడిగిందని చెప్పండి.