పెద్దాయన పేరు ముందుండాలి

జీవానందం గారికి ఇంగ్లీషు రాయడం వచ్చని కలకత్తా పక్క సంత్రాగాఛిలో ఉండే తెలుగువాళ్లలో తెలియనివాళ్లు లేరు. ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లకు ఆయనే చెప్పుకునేవారు. రైల్వే క్లెయిమ్సు ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. దారిలో మాయమైన ఉల్లిపాయల బస్తాల గురించీ, కారిపోయిన నూనె డబ్బాల గురించీ వర్తకులు రాసే ఫిర్యాదులకు జవాబులు తయారుచేయడం ఆయన ఉద్యోగం. బస్తా పోయిందని ఒప్పుకోకూడదు, పోలేదని అబద్ధమూ ఆడకూడదు. ఎవరు ఏం చేశారో ఎక్కడా తేలకుండా, పామూ చావకుండా కర్రా విరగకుండా మూడు పేజీలు నడపాలి. అందులో ఆయన్ని మించినవాడు ఆ ఆఫీసులో పుట్టలేదు. కింద సంతకం మాత్రం ఎప్పుడూ ఆఫీసరుదే.

దానికి ఆయన ఏనాడూ బాధపడలేదు. పైగా బతుకు కిటుకంతా అందులోనే ఉందని నమ్మారు. ఈయన రాసిన ఉత్తరానికి తనకు పైనుంచి మెప్పు వచ్చిందని ఒక దొర సంతోషించి, దేశం వదిలి వెళ్లేముందు ఈయనకు ప్రమోషను ఇచ్చి వెళ్లాడు. తర్వాత వచ్చిన బెంగాలీ ఆఫీసరు హెడ్ క్లర్కును చేశాడు. మంచి పని ఏదైనా పెద్దాయన పేరు మీద పైకి పంపితే దాని ఫలం తిరిగి మన గుమ్మంలోకే వస్తుందని ఆయన నేర్చుకున్నది అలాగే. ఆ లోకజ్ఞానం ఆ ఆఫీసు గోడలు దాటి పనిచేయదని పాపం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆయనకూ రోజమ్మకూ ఒక్కతే కూతురు, జెరూషా. కెమిస్ట్రీ చదివి, కలకత్తాలో ఒక కాలేజీలో లెక్చరరుగా చేరింది. అదీ టెంపరరీ. ఏటా జూలైలో కొత్త ఉత్తరం ఇస్తేనే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అలా అయిదేళ్లు గడిచాయి. జూన్ నెల వచ్చిందంటే రైల్వే యార్డు వెనకాల వాళ్ల అద్దె ఇంట్లో ముగ్గురికీ అన్నం సహించేది కాదు.

జెరూషా నోట్లో నాలుక లేని పిల్లే గానీ పని దగ్గర మొండిది. ఆమె క్లాసులో సగంమంది మిల్లుల పక్క పేటల నుంచీ, శరణార్థుల కాలనీల నుంచీ వచ్చే పిల్లలు. బడిలో అంతా బెంగాలీలో చదివి, కాలేజీలో ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాల ముందు కూర్చుని బిక్కచచ్చిపోయేవారు. పరీక్షలో తప్పేవారు. వాళ్లకు కెమిస్ట్రీ రాదని అందరూ తేల్చేశారు. జెరూషా మాత్రం, అసలు రానిది ఏదో చూద్దామనుకుంది. సోమవారం ట్యుటోరియల్లో ప్రతి పిల్లాడూ చేసిన ప్రయోగాన్ని ముందు బెంగాలీలో తన మాటల్లో చెప్పాలి. పక్కవాడికి అర్థమయ్యేదాకా చెప్పాలి. ఆ తర్వాతే ఇంగ్లీషులో రాయాలి. నాలుగేళ్లపాటు రెండువందల పైచిలుకు పిల్లల్ని అలా నడిపించి, ఎవరు ఎక్కడ ఆగారో, ఎప్పుడు కదిలారో నోటుబుక్కుల్లో రాసి పెట్టుకుంది. తప్పేవాళ్లు మూడో వంతుకు తగ్గారు. ఈ పని చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేస్తున్నప్పుడు ఎవరూ వచ్చి చూడనూ లేదు.

ఆ ఏడాది కాలేజీలో ఒక పర్మనెంటు పోస్టు పడింది. బోధన మీద గానీ పరిశోధన మీద గానీ సొంతంగా చేసిన పని గురించి ఒక వ్యాసం దరఖాస్తుతో జతచేయాలన్నారు. జెరూషా పదిహేను రోజులు కూర్చుని పద్దెనిమిది పేజీలు రాసింది. రాసి, ఇంగ్లీషు కాస్త సరిచేయమని తండ్రి చేతికిచ్చింది. చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో ఇంగ్లీషు అంటే నాన్నే.

జీవానందం గారు కళ్లజోడు తుడుచుకుని చదివి నొచ్చుకున్నారు. పిల్ల రాసింది ఇలా ఉంది: నేను అడిగాను. వాళ్లు చెప్పలేకపోయారు. నేను పద్ధతి మార్చాను. నాకు ఇది కనబడింది. పేజీ పేజీకీ ఇదే వరస. టెలిగ్రాంలా ఉంది, పైగా ప్రతి వాక్యంలోనూ తానే నిలబడి ఉంది. పెళ్లికాని పిల్ల, టెంపరరీ మనిషి, పెద్దల ముందు ఇలా జబ్బలు చరుచుకుంటూ మాట్లాడితే ఎవరు హర్షిస్తారు? ఆయన నాలుగు రోజులు గది వదలకుండా ఆ వ్యాసాన్ని ఉతికి ఆరేశారు. శాఖాధిపతి డాక్టర్ ఘోషాల్ గారి ఉదారమైన మార్గదర్శకత్వములో విభాగమునందు ఒక నూతన పద్ధతి అమలుపరచబడినదనియు, తత్ఫలితముగా కొంత మెరుగుదల కానవచ్చినట్లు తెలియుచున్నదనియు మొదలుపెట్టి, చివరిదాకా అదే నడకలో తీసుకెళ్లారు. నిజం చెప్పాలంటే చాలా అందమైన ఇంగ్లీషు. చదువుతుంటే వాన వెలిసిన రోడ్డు మీద కారు పోయినట్టు పోతుంది. అందులో జెరూషా మాత్రం లేదు.

ఆ పిల్ల చివరిదాకా చదివి, మళ్లీ మొదటి పేజీ తిప్పింది. తర్వాత మెల్లగా, "ఏటి నాన్నా ఇది? ఘోషాల్ గారు ఒక్కరోజైనా ట్యుటోరియల్‌కి రాలేదు కదా," అంది.

"వచ్చేరని నేనెక్కడ రాసేనమ్మా? మార్గదర్శకత్వం అన్నాను, అంతే. పెద్దాయన పేరు ముందుంటే నీ కాయితం ముందుకెళ్తాది. నీకు తెలీదు, నేను చూసేను."

పిల్ల చేసిన పని పిల్ల చేసిందని రాస్తే ఏమవుతుందని రోజమ్మ వంటింట్లోంచి అడిగింది. నీకు ఇంగ్లీషు తెలియదు ఊరుకోమని ఆయన నవ్వేశారు. జెరూషా ఇంకోసారి చదువుకుంది. తను రాసినదానికన్నా వెయ్యిరెట్లు బాగుందని ఆమెకూ అనిపించింది. బాగున్నదాన్ని కాదనడం ఎలాగో తెలియక టైపు కొట్టించి, చివరి పేజీలో సంతకం పెట్టింది.

జనవరిలో ఇంటర్వ్యూ జరిగింది. సాయంత్రం లోకల్ రైల్లో తిరిగొచ్చి, చెప్పులు విప్పి, రెండు గ్లాసుల నీళ్లు తాగి జెరూషా జరిగింది చెప్పింది. బయటినుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు వ్యాసాన్ని ఎంతో మెచ్చుకున్నాడట. మెచ్చుకుని, ఈ పద్ధతి ఘోషాల్ గారిది కదా, ఇందులో మీరు సొంతంగా చేసిందేమిటని అడిగాడట.

"నువ్వే చేసేవని చెప్పవలసింది కదమ్మా," అన్నారు జీవానందం గారు.

"చెప్పేను నాన్నా. అప్పుడాయన కాయితం తీసి మొదటి పేజీ పైకి చదివేరు. మరి మీరే ఇలా రాసేరు కదా అన్నారు. సంతకం నాదే."

ఘోషాల్ గారు ఆ గదిలోనే ఉన్నారా అని అడిగారు తండ్రి. ఉన్నారట. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారట. పోస్టు ఇంకెవరికో వెళ్లింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని రోజమ్మ ఒక్కసారి అని, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది.

వారం రోజులు ఆయన నిద్రపోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం తెలివితక్కువని తెలిసినా, పట్టుకోకుండా ఉండలేకపోయారు. కూతురికి చెప్పకుండా ఇస్త్రీ కోటు వేసుకుని హౌరా వెళ్లి, స్టీమరులో నది దాటి, ట్రామెక్కి కాలేజీకి వెళ్లారు. వ్యాసం తానే దిద్దాననీ, పని మొత్తం తన కూతురిదేననీ, ఆ ఒక్క ముక్క ఇంటర్వ్యూ బోర్డువాళ్లకు రాసి పంపమనీ ఘోషాల్ గారిని అడగాలి. దారిపొడుగునా ఇంగ్లీషులో వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నారు.

ఘోషాల్ గారు చెడ్డవాడైతే ఎంత బాగుండేదో. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారు, బెంగాలీ మర్యాదలో దాదా, అంటే అన్నగారూ, అని పిలిచి కుర్చీ చూపించారు, టీ తెప్పించారు. మీ అమ్మాయి ఇంగ్లీషు చాలా శ్రేష్ఠమైనదన్నారు. విభాగంలో ఇంత పని జరిగిందని ఆ వ్యాసం చూశాకే తనకు తెలిసిందనీ, అయితే ఈ ఆలోచన ఎన్నో ఏళ్లుగా తన మనసులో ఉన్నదేననీ చెప్పారు. అబద్ధమాడుతున్న మొహం కాదది. అంత చక్కటి ఇంగ్లీషులో తన పేరు చదివి చదివి ఆయనకే నమ్మకం కుదిరిపోయింది.

అక్కడ జీవానందం గారు మాట్లాడాలి. ఇక్కడిదాకా వచ్చింది అందుకే. కానీ బల్లకు అవతల పెద్దాయన కూర్చుని ఉంటే ఇవతల నిలబడి మాట్లాడే భాష ఆయనకు ఒక్కటే వచ్చు. తమరి దయకు మా కుటుంబం ఎంతో రుణపడి ఉందనీ, అమ్మాయి మీద అభిమానం ఇలాగే ఉంచాలనీ అన్నారు. అంటున్నది తన నోరేనని వింటూనే ఉన్నారు, ఆపలేకపోయారు. టీ తాగి వచ్చేశారు. రేవు దగ్గర స్టీమరు కోసం నిలబడినప్పుడు ఆయనకు ఏడుపొచ్చింది. జనం చూస్తారని నది వైపు తిరిగారు.

జూన్ మొదటి శనివారం జెరూషా ఒక కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. విశ్వవిద్యాలయం వాళ్ల బులెటిన్లో వేయడానికి ఘోషాల్ గారు రాసిన వ్యాసం. ఇంగ్లీషు ఒకసారి చూసి సోమవారం తెమ్మన్నారట. జూలై ఉత్తరం సంగతి ఆ రోజే మాట్లాడదామన్నారట.

"నువ్వు చూడు నాన్నా. నాకు చదవబుద్ధి కావట్లేదు," అంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆయన కూర్చున్నారు. ఎక్కడో చదివినట్టుందనుకోవడానికి కూడా వీల్లేదు, అన్నీ తన వాక్యాలే. అమలుపరచబడినది అలాగే ఉంది, తెలియుచున్నదీ అలాగే ఉంది. ఘోషాల్ గారు అక్కడక్కడా కొన్ని చేర్చారు, ఆ చేర్చినచోటల్లా ఇంగ్లీషు కుంటుతోంది. చెయ్యి ఊరుకోదు కదా, పెన్సిలుతో దిద్దుకుంటూ పోయారు. దిద్దుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా దిద్దారు, ఎందుకంటే జూలై ఉంది.

పదకొండో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. అంకెల సేకరణలో ఒక తాత్కాలిక ఉపన్యాసకురాలు తోడ్పడ్డారని. అందులో తప్పేమీ లేదు, దిద్దడానికి ఏమీ లేదు. ఆయన పెన్సిలు కింద పెట్టి, మళ్లీ తీశారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆఫీసరు సంతకానికి వెళ్లే ఏ కాగితంలోనూ తన కోసమని ఒక్క ముక్క కలిపి ఎరగరు. ఉపన్యాసకురాలు అన్న మాట పైన ఉన్న ఖాళీలో, చిన్న అక్షరాలతో కూతురి పేరు రాశారు. ఇంటిపేరుతో సహా రాశారు. రాసేసరికి మెట్లెక్కినట్టు ఆయాసం వచ్చింది. కాస్త గర్వంగా కూడా అనిపించింది.

సోమవారం పొద్దున జెరూషా చీర కట్టుకుని, క్యారేజీ సంచిలో పెట్టుకుని, కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. పదకొండో పేజీ దగ్గర ఆగింది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు. ఆమె చాలాసేపు ఆ పేరు వైపే చూసింది. కళ్లు నిండాయి గానీ నీళ్లు జారలేదు. తర్వాత సొరుగులోంచి రబ్బరు తీసింది.

"ఉండనియ్యమ్మా," అన్నారాయన.

"నేనే రాసుకున్నాననుకుంటారు నాన్నా."

కాగితం చిరగకుండా అంచు పట్టుకుని నెమ్మదిగా తుడిచింది. పొట్టు ఊదేసింది. జాడ మిగిలిందేమోనని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూసి, మళ్లీ వచ్చి ఇంకోసారి తుడిచింది. కట్ట సంచిలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, తండ్రి మొహం చూడలేక గడప వైపు చూస్తూ అంది.

"మిగతావన్నీ బావున్నాయి నాన్నా. ఆయన సంతోషిస్తారు."