బొగ్గుతో గీసిన చెయ్యి

నకాటో నా చేతులు రెండూ పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, వదిలేసింది. "వీటి మీద గీయడానికి ఏమీ లేదు" అంది ఇంగ్లీషులో, నచ్చని మామిడిపండును తిరిగి బుట్టలో పడేసినంత తేలిగ్గా. పద్దెనిమిదేళ్ళుగా నిమ్మచెక్కా, కొబ్బరినూనే రాసి కాపాడుకున్న చేతులవి. కాకినాడలో పెళ్ళిచూపులకు వచ్చిన వాళ్ళు కూడా నా చేతుల్ని అంతమాట అనలేదు. నా చేతులూ గీయమని అడిగినందుకు నా చెంప నేనే వాయించుకోవాలి.

ఆమెది కంపాలా. దోహాలో ముషైరిబ్ అనే పాతపేటను కూలగొట్టి మళ్ళీ కడుతున్న రోజులవి. నేలలోంచి గ్యాసు వస్తుంటే నేల మీద క్రేన్లు మొలిచేవి. డబ్బెక్కువైన ఊళ్ళో బొమ్మల కొట్లూ ఎక్కువవుతాయి. అలాంటి ఒక గ్యాలరీలో నాది బల్ల దగ్గర ఉద్యోగం. ఫోన్లు ఎత్తాలి, బొమ్మల కింద అంటించే చీటీలు టైపు చెయ్యాలి, గ్యాలరీ యజమాని మేడమ్ పిలిస్తే పలకాలి. లలితకుమారి అనే నా పేరు వాళ్ళ నాలుకలకు బరువై "లలీ" అయింది.

ఆ ఏడు మేడమ్ ఒక ప్రదర్శన కోసం తూర్పు ఆఫ్రికా నుంచి ముగ్గురు చిత్రకారుల్ని పిలిపించింది. ఒకాయన నైరోబీ నుంచి, ఒకాయన దారెస్సలాం నుంచి, మూడోది ఈ నకాటో. ముగ్గురూ గీతల మనుషులే. పెన్సిలు, సిరా, బొగ్గు తప్ప రంగు ముట్టరు. నకాటో అయితే చేతులే గీస్తుంది, అదీ దోహాలో కూలిపని చేసేవాళ్ళ చేతులు, తలుపంత కాగితాల మీద. ముఖం గీస్తే మనిషి దొరికిపోతాడట. అందుకని ముఖం గీయను, పేరు అడగను అని ప్రతివాడికీ మాటిచ్చి కూర్చోబెట్టేది. ఐదు చేతులు అయ్యాయి. ఆరోది మా గ్యాలరీలోనే దొరికింది.

ఫ్రేములు మోసి, మేకులు కొట్టే హెల్పరు. కార్డు మీద జలంధర్ అని ఉంది. నలభై ఏళ్ళుంటాయి, బక్కపలచటి మనిషి. మే నెల ఎండలో కూడా నిండు చేతుల చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు. నకాటో సైగ చేస్తే సిగ్గుపడుతూ బొత్తాలు విప్పి, చెయ్యి మోచేతి దాకా పైకి మడిచాడు. ముంజేతి మీద పచ్చబొట్టు. తెలుగు అక్షరాలు, గుండ్రంగా, ఒక దాని కింద ఒకటి. నర్సింలు. గంగామణి.

టీ కప్పు నా చేతిలోనే ఆగిపోయింది. అందులో మొదటి పేరు నాకు తెలుసు. నాలుగు నెలలుగా మా ఇంట్లో పెరుగన్నంతో పాటు రోజూ వడ్డించుకుంటున్న పేరది.

మా ఆయన రామకృష్ణారావు ఒక కట్టుబడి కంపెనీలో క్యాంప్ ఇన్‌ఛార్జి. జనవరిలో వాళ్ళ సైటులో మల్లన్న అనే కూలి పరంజా మీద నుంచి పడి చచ్చిపోయాడు. కంపెనీ కాగితాల్లో మాత్రం క్యాంపులో నిద్రలోనే పోయాడని రాశారు. నిద్రలో పోతే ఎవరి తప్పూ ఉండదు. అవును, నిద్రలోనే పోయాడు అని తోటి కూలీలు ఆరుగురూ సంతకాలు పెట్టాలి. ఐదుగురు పెట్టారు. ఆరోవాడు నర్సింలు. పెట్టనన్నాడు. పాస్‌పోర్టు కూడా వదిలేసి రాత్రికి రాత్రి పారిపోయాడు. అక్కడ దాన్ని ఖల్లివెల్లి అంటారు. "ఆ ఒక్క సంతకం లేక ఫైలు మూతపడటం లేదు లలితా, పైవాళ్ళు నన్ను నంజుకు తింటున్నారు" అని మా ఆయన కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఏడ్చేవాడు. ఇప్పుడు వాడు ఎవరిదో కార్డు పెట్టుకుని నా బల్లకు పది అడుగుల దూరంలో మేకులు కొడుతున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పలేదు. జాలి అనుకునేరు, కాదు. రహస్యం దగ్గరుంటే కొత్త గాజులు వేసుకున్నట్టు ఉంటుంది.

నేను చదివానని వాడు పసిగట్టాడు. మర్నాడు నకాటో భోజనానికి వెళ్ళగానే బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీరు తెలుగోళ్ళే గదా. సదివిండ్రా?"

"చదివాను."

"ఎవలకు చెప్పకుండ్రమ్మా, మీ కాల్మొక్త. దొరికిన్నంటే ఆ కాయిదం మీద సంతకం వెట్టమంటరు. మల్లన్న నా కండ్ల ముంగట పడ్డడు. కింద పడ్డంక గూడ నీళ్ళడిగిండు. నిద్రల సచ్చిండని నేనెట్ల రాస్త? వాని పెండ్లానికి పైస రాకుండ నా చేత్తోని నేనే చేస్తనా?"

"మరి అంత భయముంటే ఆ అక్షరాలు ఎందుకు గీయించుకుంటున్నావు?"

వాడు నవ్వాడు. పెళ్ళికొడుకు నవ్వినట్టు నవ్వాడు, చూడలేకపోయాను. "కొండగట్టు జాతరల నేను, నా పెండ్లాం ఇద్దరం ఒక్కనాడే ఏయించుకున్నం. దాని చేతి మీద గూడ గిట్లనే ఉంటది. ఊరి పొలిమేర దాటి ఎన్నడు పోలేదమ్మా అది. గింత పెద్ద అద్దాల మేడల దాని పేరు గోడకెక్కుతదంటే వద్దంటనా? ఈడ మన అచ్చరాలు సదివేటోళ్ళెవలున్నరు, మీరు తప్ప?"

"ఎవరూ లేరు" అన్నాను.

ప్రారంభోత్సవానికి మా ఆయన పేరు మీద నేనే రాసుకున్న ఆహ్వానం అప్పటికే సొరుగులో ఉంది. ఆ మాట చెప్పి ఉండొచ్చు. నేనెవరి భార్యనో కూడా చెప్పి ఉండొచ్చు. వాడు అడగలేదు, నేను చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు అంటుండేది. ఈ గింజ మాత్రం పదకొండు రోజులు నానింది.

పదకొండు రోజులూ నకాటో వాడిని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టింది. "లలీ, ఆయనకు టీ" అనేది. ఆయనట! డిగ్రీ చదివి, మేనేజరు భార్యనయి ఉండి, పారిపోయిన కూలివాడికి సాసరుతో సహా టీ అందించాను. ఒళ్ళు మండిపోయేది. ఆమెకు అవి అక్షరాలని కూడా తెలియదు. నరాల్ని గీసినట్టే వాటినీ గీసేది. ఎక్కడైనా ఒంపు తప్పితే వాడే లేచి వెళ్ళి వేలితో చూపించేవాడు. ఆమె రొట్టెముక్కతో చెరిపి మళ్ళీ గీసేది. అయిపోయిన రోజున వాడు దూరంగా నిలబడి, గంగామణి పేరు వైపే చాలాసేపు చూశాడు. అంత ప్రేమగా నా పేరును ఎవరూ చూడలేదు. అసూయ పడ్డాను. అదీ చెప్పేస్తున్నాను, దాచుకోవడానికి ఇంకేం మిగిలింది కనక.

ప్రారంభం రోజు సాయంత్రానికి గ్యాలరీ నిండిపోయింది. ఎంబసీల వాళ్ళు, ఆర్కిటెక్టులు, మేడమ్ చుట్టాలు. మా ఆయన నీలం కోటు వేసుకుని వచ్చాడు. బొమ్మల గొడవ ఆయనకెందుకు, జ్యూసుల బల్ల దగ్గర ఎవరో ఇంజినీరుతో మాటల్లో పడ్డాడు. జనమంతా ఆరో నంబరు ముందు మూగారు. ఆ గీతలేమిటని ఒకాయన అడిగాడు.

"తెలియదు. అడగనని మాటిచ్చాను" అంది నకాటో.

అలంకారమన్నారొకరు. బర్మా లిపి అన్నారు ఇంకొకరు. మేడమ్ కూడా తల అడ్డంగా ఊపింది. ఐదడుగుల దూరంలో ధరల కాగితాలు పట్టుకుని నిలబడ్డ నన్ను ఎవరూ అడగలేదు. గోడకు ఆనించిన నిచ్చెనను ఎవరైనా అడుగుతారా?

"అది తెలుగు" అన్నాను.

అందరూ ఇటు తిరిగారు. నకాటో మొదటిసారి నా ముఖం చూసింది. "నువ్వు చదవగలవా?"

తర్వాత చాలామందికి నోరు జారిందని చెప్పాను. జారలేదు. ఆమె అడగడానికీ నేను చదవడానికీ మధ్య ఒక ఊపిరి తీసుకున్నాను. ఆ ఊపిరిలో మా ఆయన నీలం కోటు వీపు కనిపించింది. వాడు మొక్కుతానన్న నా కాళ్ళు గుర్తొచ్చాయి. మల్లన్న అడిగిన నీళ్ళు గుర్తొచ్చాయి. అన్నీ గుర్తొచ్చాకే చదివాను, వెనక బెంచీకి వినిపించేలా క్లాసులో పాఠం చదివినట్టు.

"నర్సింలు. గంగామణి."

నీలం కోటు ఇటు తిరిగింది.

నకాటోకు సంతోషం పట్టలేదు. పేరు అడగనని మాటిచ్చింది గాని విననని ఇవ్వలేదుగా. "నర్సింలు! నర్సింలు!" అని నోరు తిరగని ఆ పేరును రెండుసార్లు అని, వెనక స్టోరులోకి పరుగెత్తింది. చెయ్యి పట్టుకుని వాడిని జనం మధ్యకు లాక్కొచ్చింది. చొక్కా జేబులో మేకులు ఇంకా అలాగే ఉన్నాయి. "ఈ చెయ్యే ఇది!" అని వాడి చేతిని పైకెత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోన్లు తీసి ఫొటోలు తీశారు. వాడి బతుకులో వాడికెవరూ చప్పట్లు కొట్టి ఉండరు. ఏం చెయ్యాలో తోచక అందరికీ నమస్కారం పెట్టబోయాడు. అప్పుడు మా ఆయన కనిపించాడు.

మా ఆయన అరిచే రకం కాదు. నవ్వుతూ వెళ్ళి వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమోయ్ నర్సింలూ, ఇక్కడున్నావా? నీ కోసం నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నాం. గోల చెయ్యకు. బయట కారుంది."

"నేను జలంధర్‌ను సార్."

"అలాగా! ముందు ఆ చెయ్యి కడుక్కుని రా, అప్పుడు నమ్ముతాను."

వాడు చుట్టూ చూశాడు. అన్ని కళ్ళలో నా కళ్ళను వెతికి పట్టుకున్నాడు. "అమ్మా, సార్ మీకెర్కనా?" అన్నాడు.

"నా భార్యరా" అన్నాడు మా ఆయన.

వాడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తల ఒకసారి ఊపి, మడిచిన చొక్కా చేతిని కిందికి దించుకుని, బొత్తం పెట్టుకున్నాడు.

"ఏమంటున్నారు?" అని నకాటో నన్ను అడిగింది, కళ్ళు మెరుస్తుండగా.

"ఒకే ప్రాంతం వాళ్ళు. ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడుగుతున్నాడు" అన్నాను ఇంగ్లీషులో. నా మాట విని జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే వాళ్ళిద్దరూ బయటికి నడిచారు.

రెండు రోజులు మొండికేశాడట. మూడో రోజు పెట్టాడట సంతకం, ఆ చేత్తోనే. పెడితే వదిలేస్తామని చెప్పారు. పెట్టాక పారిపోయిన కేసు కింద పోలీసులకు అప్పగించారు. "రూలు రూలే కదా" అన్నాడు మా ఆయన మజ్జిగ పోసుకుంటూ. మల్లన్న ఇప్పుడు అన్ని కాగితాల్లోనూ నిద్రలోనే పోయాడు. ఫైలు మూతపడింది. ఆ నెలలోనే మా ఆయనకు పెద్ద కుర్చీ వచ్చింది.

నర్సింలు ఏడని నకాటో రోజూ అడిగేది. సెలవు మీద ఊరెళ్ళాడని చెప్పాను. ఒక్కమాట చెప్పకుండా వెళ్ళాడని ఆమె చిన్నబుచ్చుకుంది. బొమ్మ మొదటి రోజే అమ్ముడైంది. "చెయ్యి, ఆరు" అని ఉన్న చీటీ తీసేసి ఆ రెండు పేర్లతో కొత్త చీటీ పెట్టమంది మేడమ్. నేనే టైపు చేశాను, తప్పుల్లేకుండా.

పదో రోజు పొద్దున బల్ల మీద ఫోను మోగింది. ఎత్తాను. అవతల కోడి కూస్తోంది, ఎవరో బిందె దించుతున్నారు.

"హలో, దుబాయేనా?" అంది ఒక ఆడగొంతు.

"ఇది ఖతర్."

"అయ్యో, తెలుగే! నా బంగారమే, తెలుగోళ్ళే దొరికిండ్రు! నర్సింలును జెర పిలువుండ్రమ్మా. పది దినాలాయె ఫోన్ లేదు. ఈడనే పని చేస్తున్నని ఈ నంబరిచ్చిండు. నేను గంగామణిని."

ఎదురుగా గోడ మీద తలుపంత కాగితంలో ఆ పేరు ఉంది. దాని కింద చీటీలోనూ ఉంది.

"ఆ పేరు గలవాళ్ళు ఇక్కడెవరూ లేరమ్మా" అన్నాను. కార్డుల లెక్క ప్రకారం అబద్ధం కాదు.

"మల్ల ఒక్కసారి సూడుండ్రి తల్లీ. సన్నగుంటడు. చేతి మీద పచ్చబొట్టుంటది, ఆయన పేరు, నా పేరు. మీరు తెలుగు సదువుకున్నోళ్ళు గద, సదివితే మీకు ఎర్కయితది."

"చూశానమ్మా. లేరు" అని ఫోను పెట్టేశాను.